రిజిస్టర్ల సున్న

పన్నెండు గొట్టంగనె విజిల్ ఊదాలె.
అది నా కొలువు.

షార్జాల ఎండకాలం పన్నెండంటె
పొద్దంత గదులల్ల దాసుకున్న మనుషులు
అప్పుడప్పుడే బయటికొచ్చే యాళ్ల.
ఇడ్లీపాత్ర మూత తీశినట్టు
గాలి మొకానికి కొడ్తది.
ఖర్జూరపు గెలలకు కట్టిన వలసంచులు
ఊగుడు గూడ మర్శిపోతయి.

అప్పుడు ఊదాలె.

ముందుగాల ఊయలలు ఆగుతయి.
బొగ్గుల మీద నీళ్లు సల్లుతరు, చాపలు దులుపుతరు.
నిద్రవోయిన పోరన్ని భుజాన ఏస్కొని
"ఖలాస్, ఖలాస్" అనుకుంట ఒక నాయిన నడుస్తడు.
ఆల్ల ఎనక రాయచోటి ఖైరున్‌బీ,
రెండు చేతుల్ల సంచులు, చంకల ఎవలిదో బిడ్డ.
ఇందాక ఆమె చెప్పులిడిశి
గడ్డిల పాదాలు పెట్టుకొని కూసున్నది,
ఎవలు పిలువని ఒక పావుగంట.
మల్ల చెప్పులల్ల దూరినయి ఆ పాదాలు
వచ్చే బేస్తారం దాన్క.

నాలుగు గేట్లు. నాలుగు తాళాలు.
మూడో గేటు కాడ లింబాద్రి ఉంటడు.
ఏం జెయ్యడు. బెంచి మీద కూసుంటడు, గంతే.
ఆర్మూరు దిక్కు మనిషి, మాల్ల నేల తుడుస్తడు.
వాని మంచం మీద ఇప్పుడు ఇంకొకడు పండుకున్నడు,
రొట్టెల బట్టిల పనికి మూడింటికి లేశిపోతడు.
అప్పటిదాన్క లింబాద్రికి ఈ దేశంల
ఒరిగే జాగ లేదు.

"ఇంకొంచెం సేపన్నా" అంటడు.
"బోర్డు సూడు" అంట.
బోర్డు మూడు భాషలల్ల ఉన్నది,
మా ఇద్దరికి మూడూ అరకొరనె.

తాళమేస్త.
వాడు బయట రాతిగోడ మీద, నేను లోపల.
వాని బిడ్డకు లెక్కలల్ల ఎన్నొచ్చినయో,
కొత్త బోరు ఎన్ని గజాలకు ఎండిందో
కమ్మీల సందుకెల్లి మాట్లాడుకుంటం.
సగం సిగరెట్టు అటువోతది, అగ్గిపెట్టె ఇటొస్తది.
పిల్లులు మాత్రం
ఎవలనూ అడుగకుంట అటూ ఇటూ తిరుగుతయి.

రెండింటికి నీళ్లిడుస్తరు.
పైపులన్ని ఒక్కపారె బుస్సుమంటయి.
ఊర్లె నడిరాత్రి కరెంటిస్తె
మోటరెయ్య పోయేటోన్ని నేనె.
నీళ్లు పారే సప్పుడింటె ఇప్పటికీ
కాళ్లు వాటంతట అయ్యే ఒడ్డు దిక్కు పోతయి.
ఈడ ఒడ్డు లేదు. రబ్బరు బాట ఉన్నది,
ఇన్ని దీపాలు, ఇంత గడ్డి,
నడిశేటోడు లేడు.

రిజిస్టర్ల రాస్త:
లోపలున్నోల్లు – సున్న.
నన్ను లెక్కల పట్టొద్దని ముందే జెప్పిండ్రు.

పోయిన నెల నాకొక శుక్రారం సెలవు దొరికింది.
ఇస్త్రీ అంగి తొడుక్కొని, సెంటు గొట్టుకొని
నా పార్కుకే నేను పోయిన,
ఒక్కపారన్న బెంచి మీద కూసుందామని.
గేటు కాడ కొత్త పోరడు, నేపాలోడు,
చెయ్యి అడ్డం పెట్టిండు.
"ఫ్యామిలీ?" అన్నడు.

నేను ఎనక్కి తిరిగి సూశిన,
ఎవలన్న ఉన్నరేమో అన్నట్టు.

వాని తప్పేం లేదు. బోర్డుల ఉన్నది,
శుక్రారం కుటుంబాలకేనని.
ఆ బోర్డు వారం వారం
తడిగుడ్డ వెట్టి తుడిశేది నేనె.

ఆ రాత్రి లింబాద్రి పక్కన గోడ మీద కూసున్న.
రాయి ఇంకా కాలుతనే ఉన్నది.
లోపల నేపాలోడు టార్చి ఏస్కొని
సున్న దిక్కు నడుస్తున్నడు.
రెండు దాటినంక బుస్సుమన్నయి పైపులు.
గాలి మలిగి, నాలుగు సుక్కలు కమ్మీలు దాటొచ్చి
మా మోకాళ్ల మీద పడ్డయి.
లింబాద్రి తుడుసుకోలే.
"నీళ్లు మంచిగనె ఇడుస్తరన్నా మీరు" అన్నడు.

నేను గడియారం సూస్తున్న,
మూడు ఎప్పుడు గొడ్తదా అని,
వాని మంచం కోసం.